కాఫీ అందించిన టైపిస్టు

ఇర్మా నిస్కనెన్‌కు కోపం వస్తే నోటికన్నా ముందు చేతులు కదులుతాయి. ఆ గురువారం పొద్దున చర్చి నేలమాళిగలో పాస్టీలకు అంచులు మడుస్తుండగా రేడియోలో ఆ ఒక్క ముక్క వినబడింది. ఆవిడ వేళ్ళు జోరందుకున్నాయి. కజ్జికాయకు వేసినట్టు మడత మీద మడత వేస్తూ పోయింది. పిండి చిరిగి లోపలి మాంసం, బంగాళదుంప ముక్కలు బల్లమీద పడ్డాకగానీ ఆవిడకు తెలివి రాలేదు.

గూట్లోని ఆ రేడియోలో మోగుతున్నది హామర్ స్టేషన్. పెల్కీ ఫాల్స్ చుట్టుపక్కల ఇనుప గనుల ఊళ్ళలో, సరస్సు ఒడ్డు వెంట డెబ్భై మైళ్ళ మేర, ఏ ట్రక్కు తలుపు తీసినా, ఏ గ్యారేజీలో తొంగిచూసినా అదే వినిపిస్తుంది. పాత రాక్ పాటలు తప్ప ఇంకొకటి వేయదు. ఆ పాటలు మొదలై యాభై ఏళ్ళు నిండాయని వారం రోజులుగా 'మన చరిత్ర' అంటూ ఒక కార్యక్రమం వేస్తున్నారు. ఇర్మా ఆ స్టేషన్లో నలభై నాలుగేళ్ళు పనిచేసి ఆరేళ్ళ క్రితం దిగిపోయిన మనిషి. అందుకే నేలమాళిగలోని ఆడవాళ్ళంతా కబుర్లాపి మరీ వింటున్నారు.

"1974 చలికాలంలో," అని చెబుతోంది ఎవరిదో ఊరుకాని ఊరి గొంతు, "యజమాని హరాల్డ్ బ్రాక్‌వే దూరదృష్టితో, గని కంపెనీ ప్రోత్సాహంతో, డ్వేన్ ట్రెంబాత్ అనే యువకుడు పోల్కా నాట్యపు పాటల రికార్డులను పక్కకు నెట్టి మన ప్రాంతానికి మొట్టమొదట రాక్ సంగీతం వినిపించాడు. మంచు కురిసే ఆ రోజుల్లో టైపిస్టు ఇర్మా అతనికి వేడివేడి కాఫీ అందిస్తూ ఉండేది."

"అదేమిటే ఇర్మా! నువ్వు కాఫీ కూడా పెట్టేదానివా?" అంది పొయ్యి దగ్గరున్నావిడ. నలుగురు నవ్వారు.

"నేను పెట్టిన కాఫీ తాగితే డ్వేన్ ఈపాటికి పైకి పోయుండేవాడు," అంది ఇర్మా. నవ్వలేదు. "దూరదృష్టట! హరాల్డ్ అప్పుడు ఫ్లారిడాలో ఎండ కాచుకుంటున్నాడు. డ్వేన్ అప్పటికి స్టేషన్ గుమ్మమే తొక్కలేదు. ఇంకా నయం, పాటలు గని కంపెనీయే రాసిందనలేదు!"

బల్లకు అవతల వైపు అసుంతా జనెల్లా పిండి వత్తుతోంది. ఆవిడ కూడా నవ్వలేదు. కర్ర ఆపి రేడియో వైపే చూస్తోంది. కార్యక్రమం అయిపోయి పాట మొదలయ్యాక మెల్లగా అంది:

"ప్రిమో పేరు వస్తుందేమోనని చూశానే."

ఇర్మా బల్లమీద పడ్డ ముక్కలు ఏరసాగింది.

* * *

అసలు జరిగింది వేరు.

ఆ ఏడు నవంబరులో గని కార్మికులు సమ్మె కట్టారు. ఇర్మాకు ఇరవై ఒకటో ఏడు. స్టేషన్లో ఉత్తరాలు టైపు చేసేది. ఆ రోజుల్లో అక్కడ పొద్దున ప్రార్థన, మధ్యాహ్నం ధాన్యం ధరలు, సాయంత్రం పోల్కా. పోల్కా వేసే పెద్దాయన జ్వరంతో పడుకున్నాడు. యజమాని చలికి తట్టుకోలేక దక్షిణాదికి పోయాడు. స్టేషన్ మూగబోకూడదు కాబట్టి ఇర్మా తన అన్న రికార్డుల పెట్టె రెండు చేతులా మోసుకొచ్చి, ఉన్నవి ఉన్నట్టు వేసేసింది. వాళ్ళన్న కూడా సమ్మెలోనే ఉన్నాడు. గని గేట్ల దగ్గర పీపాల్లో మంటలేసుకుని కూర్చున్న మగవాళ్ళు ట్రక్కుల్లో రేడియోలు పెద్దగా పెట్టుకుని విన్నారు. మర్నాటి నుంచి స్టేషన్ వెనక తలుపు కింద చీటీలు పడటం మొదలైంది. ఒకటో గేటు వాళ్ళకు ఫలానా పాట. రెండో గేటులో కట్టెలు నిండుకున్నాయి. ఫలానా వాళ్ళింట్లో ఆడపిల్ల పుట్టింది, తండ్రికి చెప్పండి. ఇర్మా పాటకూ పాటకూ మధ్య ఆ చీటీలు చదివేది. హామర్ చరిత్ర అక్కడ మొదలైంది, ఆ చీటీలతో.

మూడు వారాలు అలా నడిచాక, డిసెంబర్ పదకొండున, కార్మికుల వరుసను చీల్చుకుపోవడానికి కంపెనీ కాంట్రాక్టరు పంపిన లారీ ఒకటి రెండో గేటు దగ్గర ప్రిమో జనెల్లా మీంచి వెళ్ళింది. అతనూ అసుంతా పెళ్ళి చేసుకుని పద్నాలుగు నెలలు. ఊళ్ళోని పత్రిక 'రోడ్డు ప్రమాదంలో ఒకరి మృతి' అని మూడు వాక్యాలు వేసి ఊరుకుంది. ఇర్మా మాత్రం ఆ సాయంత్రం పాట ఆపి, ప్రిమో పేరు, వయసు, గేటు, లారీ ఎవరిదన్న సంగతి గంటలో నాలుగుసార్లు చదివింది.

మర్నాడు ఫ్లారిడా నుంచి ఫోను. "నీ కోటు తీసుకుని ఇంటికి పో," అన్నాడు హరాల్డ్. అయితే గనివాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళు వంటింటి గిన్నెలు, గరిటెలు పట్టుకుని మోకాలి లోతు మంచులో స్టేషన్ ముందు రెండు రోజులు మోత మోగించారు. వాళ్ళతో రాజీపడ్డాననిపించుకోకుండా రాజీపడటం హరాల్డ్‌కు తెలుసు. రాక్ పాటలు ఉంటాయి, పిల్ల ఉద్యోగమూ ఉంటుంది, కానీ పిల్ల గొంతు వినపడకూడదు. సమ్మె మాట, గేటు మాట ఎత్తకూడదు. మంచి గొంతున్న డ్వేన్ ట్రెంబాత్‌ను తెచ్చి మైకు ముందు కూర్చోబెట్టాడు. పదకొండేళ్ళు ఏ పాట తర్వాత ఏ పాట రావాలో ఇర్మా ఎంచేది, ఏం మాట్లాడాలో కాగితం మీద రాసిచ్చేది, డ్వేన్ పలికేవాడు. అతను తాగుడు మరిగి ఒకరోజు మాట కూడదీసుకోలేకపోతే ఇర్మా మైకు తన వైపు తిప్పుకుంది. ఆ తర్వాత ముప్పై మూడేళ్ళు దాన్ని వదల్లేదు.

* * *

గురువారం మధ్యాహ్నమే ఇర్మా పిండి చేతులు కోటుకు తుడుచుకుంటూ స్టేషన్‌కు వెళ్ళింది. హరాల్డ్ కొడుకు కర్టిస్ బ్రాక్‌వే ఇప్పుడు యజమాని. యాభై ఎనిమిదేళ్ళవాడు. లేచి నిలబడి కుర్చీ చూపించాడు.

"ఇర్మా గారూ! శనివారం వేడుకకు వస్తున్నారుగా? ముందు వరుసలో కుర్చీ ఉంచాం మీకు."

"కుర్చీ సంగతి తర్వాత. ఆ చరిత్ర ఎవరు రాశార్రా?"

"ఒక సంస్థకి అప్పజెప్పాం. బాగా రాశారు కదా?"

"చాలా బాగా రాశారు. నేనెప్పుడూ చూడని స్టేషన్ గురించి వింటున్నట్టుంది. ఒరే కర్టిస్, నా బల్ల కింద కూర్చుని నా సొరుగులో చాక్లెట్లన్నీ తినేసేవాడివి నువ్వు. ఎనిమిదేళ్ళుంటాయి నీకు. ఆ గిన్నెల మోతకు భయపడి నా గౌను పట్టుకుని ఏడ్చావు. గుర్తు లేదూ?"

కర్టిస్ మొహం కొంచెం ఎర్రబడింది. "కాఫీ ముక్క మీకు బాధనిపించి ఉంటుంది. అది తీయించేస్తాను. 'ఈ ప్రాంతపు తొలి రాక్ వనిత' అని వేయిద్దాం. ఫలకం కూడా చేయిస్తాను. సరేనా?"

"మరి ప్రిమో?"

"ఎవరు?"

"ప్రిమో జనెల్లా."

అతను కాసేపు బల్లమీది పెన్ను అటూ ఇటూ దొర్లించాడు. "చూడండి, ఇది పండగ. వినేవాళ్ళు హాయిగా పాత రోజులు తలుచుకోవాలనుకుంటారు. అందులో చావు కబురెందుకు? హాలు ఖర్చంతా గని కంపెనీ పెట్టుకుంటోంది. మా నాన్న కాలంలో ఏవో గొడవలు జరిగుంటాయి, ఇప్పుడవి తవ్వితే ఎవరికి లాభం?"

"గొడవలా? మనిషి మీద లారీ ఎక్కింది."

"నేను కాదనడం లేదే."

"ఔనని కూడా అనడం లేదుగా నువ్వు! డ్వేన్ బతికే ఉన్నాడు కదా, వాడినైనా అడక్కపోయారా?"

"అడిగాం. గంటసేపు రికార్డు చేశాం. పక్షవాతం వచ్చాక ఆయన మాట ఒక్కటీ తెలియడం లేదు. ముద్దముద్దగా వస్తోంది. అది ఎలా వేస్తాం?"

ఇర్మా లేచింది. "ఆ మనిషి పేరు లేని చోట నా పేరూ వద్దు. తీసెయ్."

"మీ ఇష్టం," అన్నాడు కర్టిస్. ఆ మాట అంటూ అతను ఎంత తేలికపడ్డాడో ఇర్మా చూసింది. ఆవిడ కోపం రెండింతలైంది.

* * *

అక్కడి నుంచి తిన్నగా అసుంతా ఇంటికి వెళ్ళి, వంటింట్లో నిలబడే జరిగిందంతా చెప్పింది. "వాడి మొహం మీదే చెప్పాను, నా పేరూ తీసెయ్ అని!" అంటూ ముగించింది.

అసుంతా స్టవ్ ఆపి ఇటు తిరిగింది.

"అబ్బో, పెద్ద త్యాగమే చేశావు."

"అదేమిటే?"

"ఇర్మా, ముప్పై మూడేళ్ళు మైకు నీ చేతిలో ఉంది. ముసలి హరాల్డ్ పోయి కూడా ఇరవై రెండేళ్ళయింది. ప్రతి డిసెంబర్ పదకొండుకీ నేనిక్కడే, ఈ కుర్చీలో, రేడియో పెట్టుకుని కూర్చునేదాన్ని. ఇవాళ చెబుతుంది, ఈ ఏడు చెబుతుంది అని. నువ్వు వాతావరణం చెప్పేదానివి. మంచు ఎన్ని అంగుళాలో చెప్పేదానివి. హాకీ జట్టు ఎలా ఆడిందో చెప్పేదానివి."

"నాతో ఎప్పుడూ అనలేదే నువ్వు?"

"అడిగి చెప్పించుకోవాలా? నా మొగుడి పేరు?" అసుంతా గొంతు పైకి లేచింది. ఈ యాభై ఏళ్ళలో ఆవిడ అరవగా ఇర్మా వినలేదు. "వాళ్ళు మర్చిపోయారంటే అర్థముంది. వాళ్ళకది అవసరం. నీకేమొచ్చింది?"

మొదట్లో ఉద్యోగం పోతుందన్న భయం. తర్వాత అలవాటు. ఆ తర్వాత, ఇన్నాళ్ళకు ఎత్తితే ఇన్నాళ్ళూ ఎందుకు ఎత్తలేదని అడుగుతారన్న సిగ్గు. ఇవేవీ చెప్పదగ్గ జవాబులు కావు. ఇర్మా కోటు గుండీలు పెట్టుకుని తలుపు తీసింది. అంతసేపూ కర్టిస్ మీద ఎగిరిపడిన కోపం ఇప్పుడు ఎటు పోవాలో తెలియక తన మీదకే తిరిగింది.

* * *

శుక్రవారం ఇర్మా వృద్ధుల ఆశ్రమానికి వెళ్ళింది. డ్వేన్‌ను నాలుగు దులుపుదామనే వెళ్ళింది. చేయని పనికి మెడలో దండ వేయించుకోవడానికి సిద్ధపడినవాడిని ఎవరు మాత్రం ఊరికే వదులుతారు? కిటికీ పక్కన చక్రాల కుర్చీలో కూర్చున్నాడు. కుడి చెయ్యి ఒళ్ళో చచ్చుబడి ఉంది. ఒకప్పుడు ఆ గొంతు వినడానికి ఆడపిల్లలు స్టేషన్ మెట్ల మీద కూర్చునేవాళ్ళు.

"ఏరా డ్వేన్, కాఫీ కావాలా? అందించమంటావా?"

అతను పగలబడి నవ్వబోయాడు. నవ్వు సగం మొహంలోనే వచ్చింది. నోరు కూడదీసుకుని ఏదో అన్నాడు. మంచం సర్దుతున్న నర్సు, "ఆయన మాట అర్థం కాదండీ, పలక ఇస్తాను, రాస్తారు," అంది.

"అక్కర్లేదమ్మా," అంది ఇర్మా. "ఈయన తాగొచ్చి మాట్లాడింది పదకొండేళ్ళు విన్నాను. ఇది దానికన్నా నయం."

నిజంగానే ఆవిడకు అర్థమైంది. డ్వేన్ చెప్పింది ఇది: "నేను చెప్పాను. గంటసేపు చెప్పాను. నీ పేరు చెప్పాను. ప్రిమో పేరు చెప్పాను. కుర్రాడు తల ఊపుతూ రికార్డు చేసుకున్నాడు. నిన్న రేడియోలో విని కంచం విసిరికొట్టాను. ఎడమ చేత్తో."

"గోడకు మరక ఇంకా పోలేదు," అంది నర్సు.

ఇర్మా కుర్చీలో కూలబడింది. తిట్టడానికి దారి పొడుగునా పేర్చుకున్న మాటలన్నీ ఎందుకూ కొరగాకుండా పోయాయి. తనకంటే ముందు ఈ తాగుబోతు చెప్పేశాడు. నోరు సరిగ్గా పలకనివాడు చెప్పాడు!

"ఫలకం రేపు నాకిస్తారట," అన్నాడు డ్వేన్. "మైకు పెడతారు. నువ్వు రా. పక్కన నిలబడు. నేనేమన్నానో వాళ్ళకి చెప్పు."

"ఆ పని చేస్తే కర్టిస్ నిన్నిక గుమ్మం తొక్కనివ్వడు."

"నేను తొక్కగలనా ఏమిటి?" అని తన కాళ్ళ వైపు చూసుకున్నాడు.

* * *

శనివారం మధ్యాహ్నం హాకీ హాలు కిక్కిరిసింది. తర్వాతి వారంలో జింకల వేట మొదలు కాబట్టి సగంమంది మగవాళ్ళు వేటకు పెట్టుకునే నారింజ రంగు టోపీలతోనే వచ్చారు. వేదిక వెనక గని కంపెనీ పేరు రాసిన పెద్ద గుడ్డ. కంపెనీ తరఫున వచ్చినాయన ముందు వరుసలో ఉన్నాడు. వేడుకంతా రేడియోలో వస్తోంది. అసుంతాను ఇర్మా రమ్మనలేదు. రమ్మనే మొహం లేదు. కానీ మొదటి పాట అయిపోయేసరికి ఆవిడ తలుపు దగ్గర, కోటు విప్పకుండా నిలబడి కనబడింది.

కర్టిస్ ఫలకం డ్వేన్ ఒళ్ళో పెట్టి, మైకు అతని నోటి దగ్గర పట్టుకుని, "ఒక్క మాట చెప్పండి డ్వేన్!" అన్నాడు. ఒక ముద్దమాట వస్తుంది, జనం చప్పట్లు కొడతారు, అయిపోతుందనుకున్నాడు.

డ్వేన్ మొదలుపెట్టాడు. జనం జాలిగా నవ్వులు పులుముకుని చూస్తున్నారు. అప్పుడు ఇర్మా ముందు వరుసలోంచి లేచి మెట్లెక్కి మైకు పుచ్చుకుంది. కర్టిస్ వదల్లేదు. ఇద్దరూ ఒక క్షణం లాక్కున్నారు. అంతమంది ముందు డెబ్భై ఒక్కేళ్ళ మనిషితో పెనుగులాడటం బాగుండదని అతనే వదిలాడు.

"డ్వేన్ అంటున్నాడు," అంది ఇర్మా. "'ఈ ఫలకం నాది కాదు. నేను రాకముందే ఈ పాటలు మొదలయ్యాయి. సమ్మెలో ఉన్నవాళ్ళ కోసం ఇర్మా వేసింది.'"

కర్టిస్ మూలన కూర్చుని ప్రసారం చూస్తున్న ఇంజనీరు వైపు చెయ్యి ఊపాడు. రేడియోలో ఆ క్షణమే ఒక పాట అందుకుంది. ఇళ్ళల్లో, ట్రక్కుల్లో వింటున్నవాళ్ళకు ఆ తర్వాతది ఏదీ చేరలేదు. హాల్లోని స్పీకర్లు మాత్రం ఇంకా పనిచేస్తున్నాయి.

డ్వేన్ మళ్ళీ చెప్పాడు. ఇర్మా మళ్ళీ పలికింది: "'రెండో గేటు దగ్గర కంపెనీ పిలిపించిన లారీ కింద ప్రిమో జనెల్లా చచ్చిపోయాడు. ఆ పేరు చదివినందుకు ఇర్మా ఉద్యోగం ఊడింది. మీ అమ్మలు గిన్నెలు వాయించి మళ్ళీ ఇప్పించారు.'"

మైకు ఆగిపోయింది. తీగ పీకేశారు. ఇర్మా దాన్ని కింద పెట్టేసి గొంతెత్తింది. "ఇంక ఇది డ్వేన్ మాట కాదు, నా మాట. అతనికి ఇరవై ఆరేళ్ళు. ఆ పేరు నేను ఆ ఒక్క రోజే చదివాను. తర్వాత ముప్పై మూడేళ్ళు మైకు నా దగ్గరే ఉన్నా మళ్ళీ ఎత్తలేదు. వాళ్ళు దాచారు, నేను ఊరుకున్నాను. దాచినవాళ్ళకీ ఊరుకున్నదానికీ తేడా ఏమిటో నాకు తెలియడం లేదు."

చప్పట్లు మోగిపోయాయంటే అబద్ధం. వెనక నుంచి ఎవడో "పాటలు వెయ్యండి!" అని అరిచాడు. కంపెనీ ఆయన ఫోను చూసుకుంటూ బయటకు నడిచాడు. పై వరుసలో ఒక ముసలాయన నారింజ టోపీ తీసి, "నేనక్కడే ఉన్నాను! చూశాను!" అన్నాడు. అతని పక్కవాళ్ళు అతని వైపు తిరిగి ఏదో అడగడం మొదలుపెట్టారు. అంతే జరిగింది. కర్టిస్ దగ్గరికొచ్చి పళ్ళ మధ్య నుంచి, "మీరింక మా స్టేషన్ ఛాయలకు రాకండి," అన్నాడు.

"వస్తానురా," అంది ఇర్మా. "ఎందుకు రాను?"

ఇర్మా కారులోనే అసుంతా ఇంటికి బయలుదేరింది. వంతెన దాటాక అంది:

"ఇరవై ఐదు."

"ఏమిటి?"

"ఇరవై ఆరు కాదు. జనవరిలో నిండేవి. అప్పుడు కూడా ఇరవై ఆరనే చదివావు. నాలుగుసార్లూ."

ఇర్మా కారు పక్కకు ఆపేసింది. "యాభై ఏళ్ళ నుంచి ఇది మనసులో పెట్టుకున్నావా? చెప్పొద్దూ?"

"ఎలా చెప్పను? వాడి పేరు పలికినదానివి నువ్వొక్కదానివే. తప్పు పడితే అది కూడా మానేస్తావేమోనని." అసుంతా ముక్కు చీదుకుంది. "ఎలాగూ మానేశావుగా."

హామర్ చరిత్ర మారలేదు. తర్వాతి వారం మళ్ళీ అదే కార్యక్రమం వేశారు, కాఫీ ముక్కతో సహా. ఊరి పత్రికలో డ్వేన్ ఫలకం పట్టుకున్న ఫొటో, కింద 'వేడుకలో స్వల్ప అంతరాయం' అని ఒక వాక్యం వచ్చాయి. అది చదివిన పొద్దునే ఇర్మా అసుంతాను కారులో ఎక్కించుకుని పత్రికాఫీసుకు వెళ్ళింది.

"ఏం కావాలండీ?" అంది బల్ల వెనకావిడ.

"సవరణ వేయించాలి."

"ఏ సంచికలో పడిందండీ?"

"1974, డిసెంబర్ పన్నెండు."

ఆవిడ నవ్వబోయి, ఇద్దరి మొహాలూ చూసి మానుకుంది. "అంత పాతవాటికి... లోపల అడిగి రావాలండీ."

"అడిగి రామ్మా. మాకేం తొందర లేదు."

"రోడ్డు ప్రమాదం కాదని రాసుకో," అంది అసుంతా, బల్లమీదకు వంగి. "ఇరవై ఐదేళ్ళని కూడా రాసుకో."

ఆవిడ కాగితం మీద రెండూ రాసుకుని లోపలికి వెళ్ళింది. ఇద్దరూ కోట్లు విప్పకుండానే గోడవారగా ఉన్న బెంచీ మీద కూర్చున్నారు.